వరంగల్ పెరట్లో పాతకాలపు బీట్‌రూట్: గింజ నుంచి గడ్డ దాకా

బీట్‌రూట్ అంటే ఊటీ నుంచో బెంగళూరు వైపు నుంచో లారీలో రావాల్సిందేనని మన దగ్గర చాలామంది అనుకుంటారు. హనుమకొండలో, కాజీపేటలో పెరడు ఉన్నవాళ్లు కూడా టమాటా, వంకాయ, గోంగూర వేసుకుని బీట్‌రూట్ మాత్రం కొనుక్కుంటారు. నిజానికి వరంగల్ చలికాలం ఈ పంటకు బాగా నప్పుతుంది. కాకపోతే మన చలికాలం చిన్నది. నవంబరు నుంచి జనవరి చివరి దాకా ఉండే చల్లటి రోజుల్లోనే గడ్డ ఊరిపోవాలి. విత్తే తేదీ, రకం, నీళ్లు అన్నీ ఆ మూడు నెలలకు తగ్గట్టు అమర్చుకుంటే చాలు, మిద్దె మీద గ్రోబ్యాగులోనైనా చక్కటి గడ్డలు వస్తాయి.

రకం ఎంచుకోవడం

ప్యాకెట్ మీద ‘ఎఫ్1’ అని ఉంటే అది హైబ్రిడ్. దాన్ని పక్కన పెట్టండి. మనకు కావలసింది సూటి రకం, అంటే దాని గింజ విత్తితే మళ్లీ అదే రకం వచ్చేది, అందులోనూ తరతరాలుగా గింజ కట్టుకుంటూ వచ్చిన పాత రకం. హైబ్రిడ్ గడ్డలు దాదాపు ఒకే సైజులో, ఒకే వారంలో తయారవుతాయి. మార్కెట్‌కు పంపే రైతుకు అది లాభమే. ఇంట్లో నలుగురం తినేదానికి ఒకే వారంలో ముప్పై గడ్డలు వచ్చిపడితే ఏం చేసుకుంటాం? పాత రకాల్లో కొన్ని ముందు, కొన్ని వెనుక ఊరుతాయి. ఒక్క మడి నుంచే నెల రోజులు తవ్వుకుంటూ తినొచ్చు.

డెట్రాయిట్ డార్క్ రెడ్ అన్నిటికన్నా నమ్మకమైనది. 1892లో అమెరికాలో అమ్మకానికి వచ్చిన ఈ రకం ఇప్పుడు మన విత్తనాల షాపుల్లోనూ దొరుకుతుంది. గుండ్రని గడ్డ, లోపల ముదురు ఎరుపు, కొంచెం వేడి తగిలినా తట్టుకుంటుంది. క్రిమ్సన్ గ్లోబ్ కూడా మన దేశంలో చాలాకాలంగా సాగులో ఉన్న సూటి రకమే. ఇటలీలో వెనిస్ దగ్గరి కియోజ్జా ఊరి పేరుతో వచ్చిన రకాన్ని అడ్డంగా కోస్తే గులాబీ, తెలుపు వలయాలు ఒకదాని లోపల ఒకటి కనిపిస్తాయి. పిల్లలు దాన్ని చూసే తింటారు. ఉడికిస్తే వలయాలు వెలిసిపోతాయి కాబట్టి పచ్చిగా పలుచగా తరుక్కోవాలి. డెన్మార్క్ నుంచి వచ్చిన సిలిండ్రా పొడుగ్గా ఊరుతుంది. చక్రాల్లాగా కోసుకోవడానికి బాగుంటుంది కానీ లోతైన మట్టి కావాలి. పసుపు రంగు గోల్డెన్ రకానికి మొలక తక్కువ, మొదటి ఏడాది దాని జోలికి పోవద్దనే చెబుతాను. డెట్రాయిట్ ప్రధానంగా వేసి, ఒక వరుస మాత్రం కియోజ్జా వేసుకోండి.

ఎప్పుడు విత్తాలి

దసరా ఏ తేదీన వచ్చినా అక్టోబరు మూడో వారం దాకా ఆగండి. బతుకమ్మ రోజుల్లో వానలు ఒక్కోసారి వదలవు. ఒక్క పెద్ద వాన పడిందంటే గింజలన్నీ కొట్టుకుపోతాయి, లేదా మొలక మెడ దగ్గర కుళ్లిపోతుంది. అక్టోబరు 20 ప్రాంతంలో మొదటి విడత, నవంబరు 5కు రెండోది, నవంబరు 20కి మూడోది విత్తితే క్రిస్మస్ నుంచి ఫిబ్రవరి మధ్య దాకా గడ్డలు అందుతాయి. డిసెంబరు 10 దాటాక విత్తొద్దు. ఆ పంట ఊరే సమయానికి మార్చి ఎండలు మొదలవుతాయి. అప్పుడు గడ్డ పీచు పట్టి, ఎర్రగా ఉండాల్సిన చోట తెల్ల వలయాలు వచ్చి, తీపి తగ్గిపోతుంది. ఈ గడ్డకు 15 నుంచి 25 డిగ్రీల మధ్య వాతావరణం ఇష్టం. ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు చలి ముందే వచ్చి ఎక్కువ రోజులు ఉంటుంది కాబట్టి అక్కడివాళ్లకు అటూ ఇటూ వారం పది రోజుల వెసులుబాటు ఉంది.

మట్టి

ఓరుగల్లు చుట్టూ ఎక్కువగా ఎర్ర చెల్క, ఇసుక పాలు ఎక్కువున్న దుబ్బ నేలలు, అక్కడక్కడ నల్లరేగడి. గడ్డ పంటకు దుబ్బ నేల అన్నిటికన్నా సులువు. చెల్కలో ఒక చిక్కుంది: నీళ్లు పెట్టి ఎండ తగలగానే పైన గట్టిగా పెచ్చు కడుతుంది. మొలక దాన్ని చీల్చుకుని పైకి రాలేదు. అందుకే చెల్కలో విత్తేవాళ్లు గింజ మీద మట్టి కప్పకుండా, జల్లెడ పట్టిన వర్మీకంపోస్టో కొబ్బరి పొట్టో కప్పాలి. నల్లరేగడి అయితే నీళ్లు నిలవకుండా మడిని జానెడు ఎత్తు లేపండి. లేకపోతే గడ్డ వంకర తిరుగుతుంది, అడుగున కుళ్లుతుంది.

మడికి అడుగు లోతు తవ్వి, రాళ్లు, పెళ్లలు ఏరేయండి. చదరపు మీటరుకు రెండు మూడు కిలోల బాగా మాగిన పశువుల పెంట, వంద గ్రాముల వేపపిండి కలపండి. పెంట మాగి ఉండటం ముఖ్యం. పచ్చి పెంట తగిలిన వేరు రెండుగా, మూడుగా చీలిపోతుంది. చెరువు పూడిక మట్టి దొరికితే నాలుగో వంతుకు మించి కలపొద్దు. చెరువుల పూడిక తీసిన మిషన్ కాకతీయ పథకం పనులప్పుడు ఆ మట్టి తోలించుకుని అదొక్కటే నింపిన పెరళ్లలో నేల ఎండగానే ఇటుకలాగా బిగుసుకుపోయింది.

ఒకే చోట ఏం తర్వాత ఏం వేస్తున్నామన్నది కూడా చూసుకోవాలి. బీట్‌రూట్, పాలకూర, తోటకూర ఒకే కుటుంబం. బతుకమ్మలో పేర్చే గునుగు కూడా ఈ కుటుంబానిదే. వానకాలంలో తోటకూర ఉన్న మడిలో వెంటనే బీట్‌రూట్ వేస్తే ఆకుమచ్చ తెగులు, పురుగులు అందులోంచే ఎక్కుతాయి. చిక్కుడు, బీర, బెండ తీసేసిన మడి మంచిది. బతుకమ్మ పూలతో కంపోస్టు చేసుకునేవాళ్లు కొంచెం జాగ్రత్త పడాలి. గునుగు కంకుల్లో ముదిరిన నల్లటి గింజలు లెక్కలేనన్ని ఉంటాయి. సరిగ్గా వేడెక్కని కంపోస్టులో అవి చావవు, బీట్‌రూట్ మడంతా కలుపై లేస్తాయి. ఆ కంపోస్టును మామిడి, జామ చెట్ల పాదులకు వాడుకోండి.

గ్రోబ్యాగు అయితే రెండడుగుల వెడల్పు, అడుగు లోతు ఉన్నది తీసుకోండి. సగం ఎర్రమట్టి, మిగతా సగంలో వర్మీకంపోస్టు, కొబ్బరి పొట్టు సమానంగా. అందులో పాతిక మొక్కలు హాయిగా పెరుగుతాయి. రోజుకు ఐదారు గంటల ఎండ తగిలే చోట పెట్టండి. నీడలో పెడితే ఆకు ఏపుగా వస్తుంది, గడ్డ ఊరదు.

గింజ, మొలక

ఒక గింజను అరచేతిలో వేసుకుని చూడండి. గోధుమ రంగులో, గరుకుగా, మూలలు పొడుచుకొచ్చిన చిన్న ఉండ. చూడటానికి ఒక్క గింజే, నిజానికి అది ఎండిపోయిన కాయల గుత్తి. లోపల రెండు నుంచి నాలుగు అసలు గింజలు అతుక్కుని ఉంటాయి. అందుకే ఒక్కటి విత్తితే మూడు మొలకలు ఒకదాన్నొకటి తోసుకుంటూ లేస్తాయి. చాలామంది ఇళ్లలో బీట్‌రూట్ ఊరకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. ఈ సంగతి తెలియక దగ్గర దగ్గరగా చల్లేస్తారు. పది గ్రాముల ప్యాకెట్‌లో సుమారు ఐదు వందల ఉండలుంటాయి. అంటే వెయ్యికి పైగా మొక్కలు వస్తాయి. ఇంటికి అందులో నాలుగో వంతు చాలు.

ఆ ఉండ పైపొరలో మొలకను ఆపే పదార్థాలు ఉంటాయి. రాత్రంతా నీళ్లలో నానబెడితే నీళ్లు టీ రంగుకు తిరుగుతాయి. ఆ నీళ్లు పారబోసి, రెండుసార్లు మంచి నీళ్లతో కడిగి, బట్ట మీద ఆరబెట్టి పొద్దున్నే విత్తండి. మొలక రెండు మూడు రోజులు ముందే వస్తుంది, అన్నీ దాదాపు ఒకేసారి లేస్తాయి. గింజకు గులాబీ, నీలం లాంటి రంగు పూత ఉంటే మాత్రం అది శిలీంద్రనాశిని మందు. నానబెట్టకుండా నేరుగా విత్తి, చేతులు సబ్బుతో కడుక్కోండి.

పాత ప్యాకెట్ మీద అనుమానం ఉంటే పది ఉండలు తడి గుడ్డలో మూటకట్టి వారం రోజులు ఉంచండి. ఆరేడు మొలిస్తే ఆ ప్యాకెట్ పనికొస్తుంది. మూడు నాలుగే మొలిస్తే రెట్టింపు విత్తుకోండి.

మడిలో అడుగు దూరంతో సాళ్లు గీయండి. సాలులో నాలుగు వేళ్ల ఎడంతో ఒక్కో ఉండ, వేలి మొదటి గీతలో సగం లోతున, అంటే ఒకటిన్నర సెంటీమీటరు. పైన కంపోస్టు కప్పి, అరచేత్తో మెల్లగా అదమండి. గింజకు మట్టి అంటుకుని ఉండాలి. చిల్లుల మూతి ఉన్న రోజ్ క్యాన్‌తో నీళ్లు చల్లి, వరిగడ్డి పలుచగా పరవండి. మొలక కనిపించగానే, సాధారణంగా ఆరో రోజు ఏడో రోజుకు, ఆ గడ్డి తీసేయాలి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు గడ్డి కింద తెల్లగా సాగిపోతాయి. ఆ వారం రోజులు పైపొర ఆరకూడదు. పొద్దున, సాయంత్రం కొంచెం కొంచెం తడపండి.

మొలకలు మొదట ఎర్రటి సన్నని కాడలతో, పొడుగాటి రెండు ఆకులతో వస్తాయి. పిచ్చుకలకు, మిడతలకు అవంటే మహా ఇష్టం. పాత దోమతెర ఒకటి వంచిన వెదురు బద్దల మీద కప్పితే రెండు వారాలు నిశ్చింత. కోతులు తిరిగే కాలనీల్లో ఉన్నవాళ్లు గడ్డ తీసేదాకా గట్టి నైలాన్ వల కట్టక తప్పదు. అవి తినడం కన్నా పీకి పారేయడమే ఎక్కువ.

పలుచన చేయడం

ఈ పనికి మనసు ఒప్పదు. పచ్చగా కళకళలాడే మొక్కను తీసేయమంటే ఎవరికైనా బాధే. కానీ ఈ పంటంతా దీని మీదే ఆధారపడి ఉంది. ఒకే గుత్తి నుంచి వచ్చిన మూడు మొక్కలూ అలాగే వదిలేస్తే ఏ ఒక్కదానికీ గడ్డ సరిగా ఊరదు, ఆకులే ఎక్కువవుతాయి.

మొదటి విడత, మొలిచిన పది పన్నెండు రోజులకు, మొదటి రెండు ఆకుల మధ్య నుంచి అసలు ఆకులు కనపడగానే. గుత్తిలో బలంగా ఉన్న ఒక్కదాన్ని ఉంచి మిగతావాటిని చిన్న కత్తెరతో నేలకు ఆనించి కత్తిరించండి. పీకొద్దు. వేళ్లు పెనవేసుకుని ఉంటాయి, ఒకటి లాగితే ఉంచాల్సింది కూడా కదిలిపోతుంది. రెండో విడత, మొక్క బెత్తెడు ఎత్తు రాగానే. ఈసారి మొక్కకూ మొక్కకూ పది సెంటీమీటర్లు ఉండేలా చూడండి. అప్పుడు తీసిన లేత మొక్కలు వేరుతో సహా పెసరపప్పులో వేసుకుంటే ఎంత బాగుంటాయో, ఆ రుచి కోసమైనా పలుచన చేస్తారు. ఎక్కడైనా ఖాళీలుంటే, మొదటి విడతలోనే మట్టి పెళ్లతో సహా ఒక మొక్కను తీసి, పొద్దు వాలాక అక్కడ నాటి నీళ్లు పోయండి. ఇలా నాటిన గడ్డలు కొన్నిసార్లు చీలతాయి, అయినా తినడానికి లోటు ఉండదు.

నీళ్లు, ఎరువు, జబ్బులు

నీళ్లు కొంచెమైనా సరే, క్రమం తప్పకుండా ఇవ్వాలి. వారం ఎండబెట్టి ఒక్కసారి ముంచితే గడ్డ పగులుతుంది. చెల్కలో మూడు రోజులకోసారి, రేగడిలో ఐదు రోజులకోసారి, గ్రోబ్యాగులో రోజు విడిచి రోజు. లెక్క కన్నా వేలిని నమ్మండి. రెండు కణుపుల లోతుకు గుచ్చి చూసినప్పుడు లోపల పొడిగా ఉంటే నీళ్లు పెట్టాలి. రెండో పలుచన అయ్యాక సాళ్ల మధ్య వరిగడ్డి మందంగా పరిస్తే తడి నిలుస్తుంది, కలుపు కూడా తగ్గుతుంది.

యూరియా వేయొద్దు. నత్రజని ఎక్కువైతే ఆకు మోకాలెత్తు లేస్తుంది, కింద గడ్డ నిమ్మకాయంత దగ్గరే ఆగిపోతుంది. మూడో వారంలో, ఐదో వారంలో జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి పులియబెట్టిన ద్రావణం) పదింతల నీళ్లలో కలిపి పోస్తే సరిపోతుంది. ఎర్రమట్టి అయితే పిడికెడు కట్టెల బూడిద సాళ్లలో చల్లొచ్చు. రేగడిలో బూడిద వద్దు, అందులో క్షారం ఇప్పటికే ఎక్కువ.

బీట్‌రూట్‌కు బోరాన్ అవసరం చాలా ఎక్కువ. మన సున్నం ఎక్కువున్న నేలల్లో అది మొక్కకు సరిగా అందదు. మధ్యలోని లేత ఆకులు వంకర తిరిగి నల్లబడి చనిపోతుంటే, గడ్డ కోసినప్పుడు లోపల బెండులాంటి నల్ల మచ్చలు కనిపిస్తే ఇదే కారణం. బోరాక్స్, అంటే వెలిగారం, లీటరు నీటికి ఒక గ్రాము కలిపి విత్తిన నెలకు ఒకసారి, మరో పదిహేను రోజులకు ఇంకోసారి ఆకుల మీద పిచికారీ చేయండి. కొలత దాటొద్దు, కొంచెం ఎక్కువైనా మొక్కకు విషమే.

ఆకుల మీద గుండ్రటి మచ్చలు, అంచు ఎర్రగా, మధ్యలో బూడిద రంగులో కనపడితే అది ఆకుమచ్చ తెగులు. నాలుగైదు మచ్చలతో పంటకు ఏమీ కాదు. ఎక్కువైతే కింది ఆకులు తుంచి దూరంగా పారేయండి, సాయంత్రం పూట ఆకుల మీద నీళ్లు పడకుండా మొక్క మొదలు దగ్గరే పోయండి. ఆకులో తెల్లటి వంకర గీతలు పాముపొడ. గీత చివర్లో ఉన్న చిన్న పురుగును అక్కడే వేళ్లతో నలిపేయొచ్చు. పేనుబంకకు లీటరు నీటికి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్లు కలిపి వారానికోసారి, పొద్దు వాలాక కొట్టండి.

గడ్డ ఊరుతున్నకొద్దీ భుజాలు మట్టి పైకి తేలతాయి. ఎండ తగిలితే ఆ భాగం గట్టిపడి మచ్చలు పడుతుంది. పిడికెడు కంపోస్టు ఎగదోసి కప్పేస్తే చాలు.

గడ్డ తీయడం

విత్తిన 55 రోజుల నుంచి వేళ్లతో మట్టి తోసి చూడండి. అడ్డంగా ఐదు నుంచి ఏడు సెంటీమీటర్లు ఉన్నవి తీసేయండి. పెద్దవి తీస్తే పక్కనున్న చిన్నవి ఊరతాయి. పెద్దదయ్యేదాకా ఆగుదామని వదిలేస్తే పీచు పడుతుంది. ముందు రోజు తడి ఇచ్చి, ఆకుల మొదలు పట్టుకుని మెల్లగా తిప్పుతూ లాగండి. ఆకులను గడ్డకు రెండు వేళ్ల పైన కోయండి, కింది తోక వేరును కోయొద్దు. కోస్తే ఉడికేటప్పుడు రంగంతా నీళ్లలోకి దిగిపోతుంది. నిల్వ చేసేవి కడగకుండా మట్టి దులిపి, సంచిలో పెట్టి ఫ్రిజ్ కింది అరలో ఉంచితే నెల దాకా గట్టిగా ఉంటాయి. బయట ఉంచితే నాలుగైదు రోజులకే మెత్తబడతాయి.

ఆకులు పారేయకండి. పాలకూర చేసుకున్నట్టే చేసుకోవచ్చు. బీట్‌రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడకండి, కొంతమందికి ఆ రంగు అలాగే బయటకు వస్తుంది. కిడ్నీలో రాళ్లున్నవాళ్లు మాత్రం గడ్డ, ఆకు రెండూ తగ్గించాలి, వీటిలో రాళ్లకు కారణమయ్యే ఆక్సలేట్లు ఎక్కువ.

మరి గింజ కట్టుకోవడం ఎలా?

పాత రకం వేసేవాళ్లందరూ అడిగే ప్రశ్న ఇది. బీట్‌రూట్ రెండేళ్ల మొక్క. మొదటి ఏడాది గడ్డ ఊరుతుంది. ఆ తర్వాత పది డిగ్రీల లోపు చలి వారాల తరబడి తగిలితేనే పూత కాడ లేస్తుంది. వరంగల్‌లో అంత చలి అన్ని రోజులు ఉండదు. అందుకే ఈ గింజ కశ్మీర్, హిమాచల్, నీలగిరుల లాంటి కొండ ప్రాంతాల నుంచే రావాలి. గడ్డను ఫ్రిజ్‌లో రెండు నెలలు ఉంచి నాటితే పూత తెప్పించొచ్చు కానీ, అప్పటికి మన ఎండలు నలభై డిగ్రీలకు చేరతాయి. గింజ పడుతుందన్న నమ్మకం లేదు. కాబట్టి బీట్‌రూట్ గింజ ఏటా కొద్దిగా కొనండి. పాత రకాలు అమ్మేవాళ్ల దగ్గరే కొనండి, అవి సాగులో మిగలాలంటే అడిగేవాళ్లు ఉండాలి. మిగిలిన ప్యాకెట్ పొడిగా, చల్లగా ఉంచితే నాలుగేళ్లయినా మొలుస్తుంది.

సొంతంగా గింజ కట్టాలన్న కోరిక ఉంటే పక్క మడిలో దేశవాళీ పాలకూర వేయండి. మన పాలకూర, బీట్‌రూట్ రెండూ ఒకే జాతి మొక్కలు, రెండింటి పేరూ బీటా వల్గారిసే. పాలకూర గింజ చూస్తే అదే గరుకు ఉండ. తేడా ఏమిటంటే ఇది మన మైదానాల్లోనే, ఇంత చలి అక్కర్లేకుండా, పూసి గింజ కడుతుంది. యాసంగిలో విత్తిన పాలకూరను రెండు మూడు కోతలు కోసుకుని, బాగా ఆకు వేసిన పది పన్నెండు మొక్కలను వదిలేయండి. అన్నిటికన్నా ముందే పూతకు వచ్చినవాటిని పీకేయాలి. వాటి గింజ ఉంచితే వచ్చే ఏడాది ఆకు తినకముందే కాడ లేస్తుంది. పుప్పొడి గాలికి కొట్టుకొస్తుంది కాబట్టి దగ్గర్లో వేరే రకం పాలకూర పూతలో లేకుండా చూసుకోండి. బీట్‌రూట్ ఇక్కడ పూయదు కనుక దానితో కలుస్తుందన్న భయం లేదు. ఎప్పుడైనా ఒకటి పూత కాడ వేస్తే దాన్ని తీసేయండి.

వేసవి మొదట్లో కాడలు పసుపు తిరిగి, కింది గింజలు గోధుమ రంగుకు రాగానే కాడ మొత్తం కోసి, నీడలో బట్ట మీద పది రోజులు ఆరబెట్టండి. చేత్తో దూసి, చేటతో చెరిగి, గాజు సీసాలో సిలికా జెల్ పొట్లంతో పాటు మూత బిగించండి. సీసా మీద రకం పేరు, సంవత్సరం రాసి ఫ్రిజ్‌లో పెట్టండి. తలుపు అరలో కాదు, లోపలి అరలో, తలుపు తీసిన ప్రతిసారీ వేడిగాలి తగలని చోట.